మరుగుదొడ్డి శుభ్రత: ఇంటింటి అలవాటు, అందరి బాధ్యత

 

శుద్ధిని ప్రేమించే కుబా వాసులను అల్లాహ్ తౌబా సూరాలో ప్రశంసించాడు. మూత్రపు తుంపరల విషయంలో జాగ్రత్త వహించని వ్యక్తికి సమాధిలో శిక్ష పడుతున్నదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. కనుక మరుగుదొడ్డి సంగతి అల్పమైనది కాదు.

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో ఒక్కో ఇంటి అలవాటు ఒక్కో విధం. ఒక ఇంట ప్రతిదినం ఫినాయిలుతో కడుగుతారు, మరొక ఇంట శుక్రవారం మాత్రమే. ఒకరు బద్నా వాడతారు, ఒకరు పైపు. కొందరు అక్కడికి వేరే చెప్పులు ఉంచుతారు. మా పద్ధతే ధర్మమంటూ కొత్త కోడలిని ఎత్తిపొడవడం తగదు. చూడవలసినవి మూడే: మాలిన్యం తొలగిందా? నీరు వృథా కాకుండా ఉన్నదా? ఎవరికైనా హాని కలిగిందా?

వేసవిలో ట్యాంకరు నీరు కొనే మనం, ప్రవక్త (స) ఒక్క ముద్ నీటితో, అనగా సుమారు దోసెడు నీటితో, వుజూ చేసేవారని మరువరాదు. ఆసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో కలిపితే క్లోరిన్ విషవాయువు వెలువడుతుంది. మూసిన గదిలో అది ప్రాణాంతకం. రెంటినీ ఎన్నడూ కలపకండి.

ఆ పని చేస్తున్నదెవరో కూడా ఆలోచించండి. ప్రవక్త (స) ఇంటి పనులలో పాలుపంచుకునేవారు. అలాంటప్పుడు మనం బ్రష్షు పట్టడం అవమానమెలా అవుతుంది? వాడినవారే శుభ్రపరచి రావాలి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. యంత్రాన్నే పిలిపించండి. మన ఇంటి శుభ్రత కొరకు మరొకరి ప్రాణం పోరాదు.

అల్లాహ్ మన ఇళ్లను, హృదయాలను పరిశుద్ధపరచుగాక! ఆమీన్.