పలనాటి రాయి - పలనాటి నీరు

గ్రామ పంచాయతీ సభ్యులారా!

పలనాడనగానే బ్రహ్మనాయుడు, నాగమ్మ, కారెంపూడి రణరంగము మనకు జ్ఞప్తికి వచ్చును. ఆ వీరులు నడచిన నేల యెట్టిదో ఆలోచించువారు మాత్రము తక్కువ. నేడు మీతో కలిసి ఆ నేలపై కొంతదూరము నడువవలెనని మా సంకల్పము. ఈ నడక వినోదమునకు గాదు. మీ యూరి మంచినీటి క్షేమము ఈ రాళ్ళను తెలిసికొనుటపై ఆధారపడి యున్నది.

ముందుగా మాచర్ల సమీపమునగల ఎత్తిపోతలకు పోవుదము. చంద్రవంక వాగు అచట సుమారు 70 అడుగుల ఎత్తునుండి దూకి, పిదప కృష్ణలో కలియుచున్నది. లోయ అంచున నిలిచి ఎదుటి గట్టును పరికింపుడు. కొట్టములో పేర్చిన బస్తాలవలె రాళ్ళు వరుసలు వరుసలుగా నున్నవి. గట్టి వరుస నిలుచును, మెత్తని వరుసను నీరు తినివేయును. అడుగు ఖాళీయైనపుడు పైరాయి విరిగిపడును. జలపాతములు ఈ విధముగనే కొంచెము కొంచెముగా వెనుకకు జరుగుచుండును.

ఈ వరుసలెట్లు కలిగినవి? నేలమీద చెట్టుగాని జంతువుగాని పుట్టకమునుపు, కోట్లకొలది ఏండ్ల క్రిందట, ఇది లోతు తక్కువైన సముద్రము. అందు దిగిన ఇసుక గట్టి ఇసుకరాయిగను, బురద పొరలు పొరలుగా విడిపోవు మెత్తని రాయిగను, సున్నపు మడ్డి సున్నపురాయిగను మారినవి. కడప, కర్నూలు సీమలనుండి పలనాటివరకు వ్యాపించిన ఈ శిలల వివరములను విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు 1872లో ప్రకటించెను.

మన యిండ్లలో పరచుకొను నాపరాయి ఈ సున్నపురాయియే. అమరావతి స్తూప శిల్పములు చెక్కినదియు పలనాటి సున్నపురాతిమీదనే. పిడుగురాళ్ళ బట్టీలలో కాలునదియు ఇదియే. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాల్చినచో 56 కిలోల సున్నము మిగులును. తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై పోవును. ఎన్నో కుటుంబములకు ఈ రాయి కూడు పెట్టుచున్నది.

ఇపుడు గుత్తికొండ బిలమునకు పోవుదము. బ్రహ్మనాయుడు యుద్ధానంతరము ఇందే ప్రవేశించెనని పెద్దలు చెప్పుదురు. ఈ బిలమును తొలిచిన ఉలి వాననీరే. వాన గాలినుండి, మట్టినుండి బొగ్గుపులుసు వాయువును గ్రహించి కొంచెము పులుపెక్కును. ఆ నీరు సున్నపురాతిని కరగించును. నాపరాతి పొడిపై నిమ్మరసము పిండి చూడుడు, బుడగలు లేచును. యుగములపాటు ఇట్లు కరగగా బీటలు సందులైనవి, సందులు గుహలైనవి.

సభ్యులారా! అసలు విషయమిచటనే యున్నది. ఇసుక నేలలో నీరు మెల్లగా వడబోయబడుచు దిగును. సున్నపురాతి బీటలలో అట్టి వడబోత లేదు. ఊరి చివర పాత క్వారీ గుంటలో పారవేసిన చెత్తమీది నీరు, వాన కురిసిన కొద్ది దినములకే దూరపు బోరులో తేలవచ్చును. నీరు కంటికి తేటగా కనబడినంతమాత్రమున మంచిది కానేరదు. ఒక బోరు ఎండి, ప్రక్కబోరు నిండుగా నుండుటకును ఈ బీటలే కారణము.

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న పునాది పడినది. 1967లో కాలువలకు నీరు వదలబడినది. కాని కాలువ నీరు ఎక్కలేని మెట్ట గ్రామములకు నేటికిని బోరే దిక్కు. కావున ఈ పనులు మీ తీర్మానములలో చేరవలెను.

క్వారీ గుంటలలో చెత్త, పశుకళేబరములు వేయనీయరాదు. లోతైన గుంటల చుట్టు కంచె కట్టింపవలెను. మరుగుదొడ్డి గుంటలు త్రాగునీటి బావులకు ఎంత దూరమున్నను చాలునని తలపక, ఇంజనీరు సలహాతోనే స్థలము నిర్ణయింపవలెను. వానకాలమునకు ముందొకసారి, వెనుకొకసారి నీటిని ప్రయోగశాలకు పంపవలెను. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరు ఆధారము లేనిచోట సయితము 1.5 దాటరాదనియు మన దేశ ప్రమాణము.

రాయి తీయవలదని మేము చెప్పుట లేదు. రాయి తీసినచోట నీరు చెడకుండ చూడుడని మాత్రమే మా ప్రార్థన. సున్నపురాయి మనకు ఇల్లిచ్చినది, పనియిచ్చినది. దాని బీటలలోని నీటిని మన బిడ్డలకు నిర్మలముగా అందించుట మన వంతు.