నమ్మకం వేరు, నోరు మూసుకోవడం వేరు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఉర్దూ మీడియం పంతులును. నా తెలుగులో తప్పులుంటే మన్నించగలరు.

మా చెల్లె కూతురి మొదటి కాన్పు సంగతి చెప్తాను. నెలలు నిండినయి. దవాఖానలో "ఆపరేషన్ చేద్దామా?" అని అడిగిన్రు. "ఎందుకు?" అని మాలో ఒక్కరం అడగలేదు. "శుక్రవారం అయితే మంచిది" అన్నం. అన్నది నేనే. తర్వాత చుట్టాలకు "ఏం చేస్తం, డాక్టరమ్మ తప్పదన్నది" అని చెప్పినం. ఆమె ఆ మాట అననేలేదు. పది ఇండ్లలో చెప్పేసరికి మాకే అది నిజమనిపించింది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వంద కాన్పుల్లో ఆపరేషన్లు దేశంలో 21కి పైగా, తెలంగాణలో 60కి పైగా, మన కరీంనగర్ జిల్లాలో 80కి పైగా. ఏ ప్రాంతంలోనైనా 10–15కు మించనవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. మన ఆడపిల్లల శరీరాలు వేరేగా ఉన్నాయా?

ఒకరు ముహూర్తం చూస్తరు, ఒకరు శుక్రవారం చూస్తరు. పిల్ల నొప్పులకు భయపడుతది, తల్లి ఆమె ఏడుపుకు భయపడుతది. దవాఖానకు టైమూ, ఆదాయమూ కలిసొస్తయి. అందరం "తప్పలేదు" అనే మాట పట్టుకుంటం. ఇంటికొచ్చి అదే డాక్టర్లను "దోచుకుంటున్నరు" అని తిడతం. ఎదుట నోరు మూసుకొని వెనక తిట్టడాన్ని నమ్మకం అనరాదు.

అవసరమైన ఆపరేషన్ తల్లీబిడ్డలను బతికిస్తుంది. శిశువు అడ్డం తిరిగినప్పుడు, రక్తం ఎక్కువ పోతున్నప్పుడు వద్దని మొండికేయడం పాపం. నేను వద్దనమని చెప్పడం లేదు, అడగమంటున్నాను. "ఎందుకు చేయాలె? కొంత ఆగితే ఏమైతది?" ఈ రెండు మాటలు చాలు. సహజ కాన్పులు చేయించేందుకు నర్సులకు ప్రత్యేక శిక్షణ 2017లో మన కరీంనగర్‌లోనే మొదలైంది. సర్కారు దవాఖానకు పోయి ఆ సంగతీ విచారించండి.

బడిలో పిల్లవాడు ప్రశ్న అడిగితే నా మీద నమ్మకం లేదని నేననుకోను. పాఠం వింటున్నడని సంతోషిస్తాను. మంచి డాక్టరు కూడా అట్లనే అనుకుంటడు.

మా మేనకోడలు మళ్ళీ గర్భవతి. ఒకసారి కోత పడితే రెండోసారీ కోతకే అవకాశం ఎక్కువంటారు. ఆ భారం ఆమె మీద వేసినవాళ్ళలో నేనొకణ్ణి. ఈసారి దవాఖానలో వారం సంగతి ఎత్తను, కారణం అడుగుతాను, ఇన్షా అల్లాహ్.

సెలవు. ఖుదా హాఫిజ్.