సెలవులలో ఇంటిల్లిపాదికీ ఒక బొమ్మల పుస్తకం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



75 సంవత్సరాల ఈ పండుగలో పాఠశాల గత వైభవాన్ని స్మరించడానికి నాకంటె పెద్దలు వేదికపై ఉన్నారు. నేను చిన్న విషయం ఒకటి మనవి చేస్తాను. రాబోయే సెలవులలో ఇంటిల్లిపాదీ కూర్చుండి పైకి చదువుకొనడానికి బొమ్మల పుస్తకాన్ని ఎట్లా ఎన్నుకోవాలి అన్నదే ఆ విషయం.

చిన్నదే కాని, మన హోసూరు ప్రాంతంలో దీని వెనుక ఒక బెంగ ఉన్నది. చాలా ఇండ్లలో అవ్వకు తెలుగు మాట వచ్చును, అక్షరం రాదు. మనుమరాలికి తమిళం, ఆంగ్లం చదవడం వచ్చును. తెలుగు మాట్లాడుతుంది గాని చదవబోతే తడబడుతుంది. 2006లో తమిళనాడులో వచ్చిన చట్టం వలన 2006-07 నుండి ఒకటవ తరగతి మొదలుకొని తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైనది. ఉన్న నేల భాషను నేర్వడం మనకు మేలే. అందుకు నేను వగవడం లేదు. అయితే తెలుగు చదువు భారమంతా బడిపై వేసి మనం ఊరకుండే రోజులు మాత్రం పోయినవి.

నా తరంవారికి ఈ చింత లేకుండెను. 1947 జూలైలో మద్రాసు నుండి వెలువడనారంభించిన 'చందమామ' నెలనెలా ఇంటికి వచ్చేది. కొడవటిగంటి కుటుంబరావుగారు తీర్చిన ఆ తేట వచనాన్ని ఎవరు చదివినా వినేవారికి అర్థమయ్యేది. బేతాళ కథలకు బొమ్మలు వేసిన శంకర్ గారు తమిళులని పెద్దయిన తరువాత తెలిసి ఆశ్చర్యపోయాను. ఆ పత్రిక నిలిచిపోయినది. ఇక ఎన్నుకొనే బాధ్యత మన నెత్తిన పడ్డది.

నేను చేసిన పొరపాటును ముందుగా చెప్పుకొంటాను. మా అమ్మాయికి ఆరేండ్లప్పుడు దసరా సెలవులకు గట్టి అట్టతో, నునుపైన కాగితంపై అచ్చయిన రామాయణం కొనుక్కొచ్చాను. పుటకు ఇరవై పంక్తులు. ఒక్కొక్క సమాసం ఆ కొసకు చేరేది. మూడవ పుటకే పిల్ల నిద్రపోయినది. ఆ సంచిలోనే, చిల్లర సరిపెట్టడానికి తీసుకొన్న పదహారు పుటల పలుచని పుస్తకం ఒకటి ఉన్నది. పుటకు రెండు వాక్యాలు, మిగిలినదంతా ఒక మేక బొమ్మ. దానిని మా అమ్మగారు ఒడిలో పెట్టుకొని, అక్షరం రాకపోయినా బొమ్మలు చూస్తూ తన కథ తాను చెప్పసాగినారు. మేక కంచె దూకినదట, ఎవరి చేనిలోనో పడినదట. నాలుగవసారికి పిల్ల కింది అక్షరాలపై వేలు పెట్టి, కూడబలుక్కొని, "అవ్వా, ఈడ అట్ల లేదు" అన్నది. "మరెట్ల ఉండాదో నువ్వే చదువు" అన్నారు మా అమ్మగారు. పిల్ల చదివినది. బడిలో పాఠం అప్పజెప్పడానికి తప్ప, తనంతట తానుగా తెలుగు చదవడం అదే మొదలు.

ఆనాటి నుండి పుస్తకం కొనేటప్పుడు నేను రెండు పరీక్షలు పెడుతున్నాను. అంగడిలో నిలుచుండే ఒక పుటను గొంతెత్తి చదువుతాను. వాక్యం నడుమ ఊపిరి చాలకపోతే ఆ పుస్తకాన్ని అక్కడనే పెట్టివేస్తాను. (అంగడివాడు వింతగా చూస్తాడు, చూడనీయండి.) తరువాత చేతితో అక్షరాలను కప్పి బొమ్మలను మాత్రం చూస్తాను. కథ నడిచినట్లు తోచితే అది అవ్వకు కూడా పనికివచ్చే పుస్తకం.

నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయంలో తెలుగు పుస్తకాలు ఉన్నవి. బెంగుళూరులో 2004లో ఆరంభమైన ప్రథమ్ బుక్స్ వారు చదివే స్థాయిని బట్టి పుస్తకాలను నాలుగు మెట్లుగా విభజించినారు. ఆరవ తరగతి పిల్లవానికైనా తెలుగులో మొదటి మెట్టు నుండే ఇవ్వండి, చిన్నతనమనుకోవద్దు. చెన్నైలోని తూలిక వారు ఒకే పుటలో ఆంగ్లం, తెలుగు రెండూ అచ్చువేసిన పుస్తకాలు తెచ్చినారు. అవి అందంగా ఉంటవి గాని పిల్లల కన్ను ఆంగ్లం వైపే పరుగెత్తుతుంది. ఒక కాగితం ముక్కతో దానిని మూసి ఉంచితే సరి.

పుస్తకంలో 'బంగాళాదుంప' అని ఉంటుంది. మన ఇంట్లో అది 'ఉర్లగడ్డ'. ఇక్కడ కొందరు తల్లులు తమ మాట తప్పేమోనని వెనుకాడుతారు. మొదటిసారి ఉర్లగడ్డ అనే చదవండి. రెండవసారి అచ్చులో ఉన్న మాటను చూపించండి. పిల్లకు రెండు మాటలు దక్కుతవి, అవ్వ మాటకు చిన్నతనమూ రాదు.

చివరగా ప్రధానోపాధ్యాయులవారికి ఒక విన్నపం. గ్రంథాలయపు బీరువాకు సెలవులలోనే తాళం పడుతున్నది. ఈ ఏడు సెలవులిచ్చే ముందురోజున ఇంటికి రెండేసి బొమ్మల పుస్తకాలు పంపించండి. చిరుగుతవని భయం వద్దు. బడి తెరిచిన వారంలో ఒక శనివారం సాయంకాలం మేము పూర్వ విద్యార్థులం నలుగురం మైదా బంకతో వచ్చి కూర్చుంటాము.