ఛార్జింగ్ నిలవని బ్యాటరీ: పారేసే ముందు ఒక మాట
(రైతుల శిక్షణ తరగతిలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల ధరల గురించి ప్రతి సభలోనూ మాట్లాడుకుంటున్నాం. ఈరోజు మనం ఖర్చుల లెక్కలో రాయని ఒక ఖర్చు గురించి మాట్లాడుకుందాం. అది స్ప్రేయర్ బ్యాటరీ.

పోయిన ఏడాది పత్తికి మందు కొట్టి పంపును కొట్టంలో పడేశాం. ఈ ఏడాది తీసి ఛార్జింగ్ పెడితే కాసేపటికే పచ్చ లైటు వెలిగింది. పొలానికి తీసుకెళితే రెండు ట్యాంకులకే ఆగిపోయింది. దుకాణంలో అడిగితే ‘బ్యాటరీ పోయింది, కొత్తది వేయించుకో’ అన్నారు. మనలో చాలామందికి ఇది అనుభవమే.

అసలు జరిగిందేమిటి? ఈ పంపుల్లో ఎక్కువగా ఉండేది 12 వోల్టుల సీసం బ్యాటరీ. వాడేకొద్దీ లోపలి ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే ఛార్జింగ్ పెడితే అది కరిగిపోతుంది. నెలల తరబడి ఖాళీగా వదిలేస్తే గట్టిపడి, ఛార్జింగ్ ఎక్కనివ్వదు. పచ్చ లైటు తొందరగా వెలగడానికి కారణం అదే.

మరి బాగుచేసుకోగలమా? కొన్నింటిని చేసుకోవచ్చు. ఛార్జింగ్ తీసిన కొన్ని గంటల తర్వాత మల్టీమీటరుతో చూడండి. 12.6 వోల్టులు దాటితే నిండినట్టు. ఎంత ఛార్జింగ్ పెట్టినా 10.5 దగ్గరే ఆగితే ఆరు సెల్లుల్లో ఒకటి పోయి ఉండవచ్చు. దాని మీద ఆశ వదులుకోవాలి. మిగతావాటికి నిదానంగా ఛార్జింగ్ ఇవ్వాలి. 8 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 0.8 ఆంపియర్లు చాలు. సగం వాడి మళ్లీ నింపాలి. ఇలా రెండు మూడుసార్లు చేశాక ట్యాంకులో మంచినీళ్లు పోసి, ఎన్ని ట్యాంకులు కొడుతుందో లెక్కపెట్టండి. కొత్తదానిలా కాకపోయినా ఈ పంటకాలం గట్టెక్కితే మనకు లాభమే.

జాగ్రత్తలు మరవకండి. ఉబ్బినా, కారినా, బాగా వేడెక్కినా వెంటనే ఆపేయండి. ట్రాక్టర్ బ్యాటరీలో తగ్గింది నీళ్లే కాబట్టి డిస్టిల్డ్ వాటరే పోయాలి. యాసిడ్ పోస్తే మీటరులో అంకె పెరుగుతుందే తప్ప ప్లేట్లు బాగుపడవు. ఛార్జింగ్ అయ్యేటప్పుడు మండే వాయువు వస్తుంది, దగ్గర బీడీ వెలిగించవద్దు. లిథియం బ్యాటరీల జోలికి మాత్రం ఇంట్లో వెళ్లకండి, మంటలు లేస్తాయి.

ఇక బతకని బ్యాటరీల సంగతి. వాటిని పగలగొట్టి కరిగిస్తే సీసం మన మట్టిలో, మన పిల్లల ఒంట్లో చేరుతుంది. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదేనని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెబుతున్నాయి. ఆ బాధ్యత ఊరి దుకాణం దాకా రావాలి. కొన్న ప్రతి బ్యాటరీకీ రశీదు, వారంటీ కార్డు అడిగి తీసుకుందాం. ప్రతి మండలంలో సేకరణ కేంద్రం పెట్టాలని డిమాండ్ చేద్దాం. ఊరికో మల్టీమీటరు, నిదానంగా ఎక్కించే ఛార్జరు ఒకటి సంఘం తరఫున ఉంచుకుందాం.

చివరిగా ఒక్క మాట. మందు కొట్టిన రోజే ఛార్జింగ్ పెట్టండి. పని లేని రోజుల్లో నెలకోసారి పెట్టండి. పశువుకు మేత వేసినట్టే దీన్నీ చూసుకుంటే, దుకాణానికి పోయే డబ్బు మన ఇంట్లోనే ఉంటుంది.