ప్రకటనల వృత్తి



మన పొదిలి ప్రాంతమున బిడ్డలు చేయదగిన పనులను గూర్చి పెద్దల మనస్సులలో నొక లెక్క కలదు. సేద్యము, వర్తకము, బడిపంతులు పని, సర్కారు కొలువు, ఇటీవల కంప్యూటరు ఉద్యోగము: వీనిలో నేది చెప్పినను అది యేమిటో మనకు తెలియును. కాని మనుమరాలు హైదరాబాదు నుండి వచ్చి, "తాతయ్యా, నేను ప్రకటనల సంస్థలో పని చేయుచున్నాను" అన్నచో వెంటనే బోధపడదు. "ఏమి అమ్ముదురమ్మా?" అని యడుగుదుము. "మేమేమియు అమ్మము. అమ్మువారి తరఫున చెప్పుదుము" అని జవాబు వచ్చును. "చెప్పుటకు గూడ జీతమా?" అని యాశ్చర్యపడుదుము. అంతటితో నూరకుండక, లేనిది యున్నట్లు చెప్పుటయే యా పని యని యొక మాట విసరుదుము. బిడ్డ చిన్నబుచ్చుకొనును. ఈ వృత్తిలో సార్థకత యున్నదా, ఉన్నచో నెక్కడ నున్నది యను విషయమును నేడు విచారింతము.

చాటింపు మనకు క్రొత్తది కాదు. శిస్తు గడువు దగ్గఱపడినను, చెరువు నీరు వదలినను, సంత దినము మారినను, పూర్వము గ్రామసేవకుడు డప్పు కొట్టి వీధివీధిని చాటెడివాడు. ఆ మాటను బట్టి జనులు నడచుకొనెడివారు. ఏలయనగా దాని వెనుక గ్రామము నిలిచియుండెను. అబద్ధపు చాటింపు ఒక్కసారి వినినవాడు మఱునాడు డప్పు మ్రోగినను అరుగు దిగడు.

అట్లే మిరప పండించిన రైతునకు మచ్చు అనగా నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. కల్లములో నెండిన కాయను ఏరి, తాలు వేఱుచేసి, బస్తాల కెత్తి గుంటూరు యార్డునకు తోలుదుము. అచ్చట వ్యాపారి బస్తా నుండి పిడికెడు కాయలు తీసి రంగు చూచును, తొడిమ చూచును, తేమ చూచును. ఆ పిడికెడు కాయలే బస్తా అంతటి తరఫున మాటలాడును. పైని ఎఱ్ఱని కాయ పఱచి అడుగున తాలు నింపినవాని బేరము ఒక యేడు సాగవచ్చును. మఱుసటి యేడు అతని బస్తాలను క్రింద గుమ్మరించి గాని ధర చెప్పరు. ప్రకటన యనునదియు మచ్చువంటిదే. దూరముననున్న సరకు తరఫున అది కొనువాని కన్నుల యెదుట నిలుచును.

ప్రకటనల సంస్థలో జరుగు పని యిట్టిది. సరకు తయారుచేయువాడు తన సరకును లోకమునకు తెలుపదలచి వచ్చును. సంస్థలో నొకరు అతనితో మాటలాడి యతని యవసరము కనుగొందురు. ఒకరు కొనువారి యిండ్లకును అంగళ్లకును పోయి వారి కోరికలను సందేహములను తెలిసికొందురు. ఒకరు మాటలు కూర్తురు, ఒకరు బొమ్మ గీయుదురు. దానిని ఏ పత్రికలో, రేడియోలో టెలివిజనులో నే వేళ, చేతిఫోనులలో నెవరికి చూపవలయునో మఱియొకరు లెక్క కట్టుదురు. చిరకాలము పత్రికలవారు ప్రకటన సొమ్ములో నూటికి 15 వంతున సంస్థకు కమీషనిచ్చు నాచార ముండెను. చేసిన పనికి వేఱుగా రుసుము పుచ్చుకొను పద్ధతియు నేడు కలదు. ఇందు గమనింపదగిన దొకటి యున్నది. సొమ్మిచ్చువాడు వర్తకుడు, మాట వినువాడు కొనువాడు. ఒకని కూలి తినుచు, మఱియొకని నమ్మకమును చేతబట్టుకొని, ఇద్దఱిలో నెవ్వరికిని ద్రోహము చేయకుండ వలయును. ఈ వృత్తిలోని కష్టమంతయు నిదియే. సార్థకతయు నక్కడనే దొరకును.

తెలుగువారిలో నీ విద్య నెఱిగినవారిని తలచుకొన్నచో మొదట స్మరింపదగినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. వారు కృష్ణా జిల్లా ఎలకుఱ్ఱున 1867లో జన్మించి, కలకత్తాలోను బొంబాయిలోను మందుల వర్తకపు మెలకువలు నేర్చి, 1893లో బొంబాయిలో అమృతాంజనమును వెలువరించిరి. తలనొప్పికి రాచుకొను నా మందు పేరు నాడెవ్వరికి తెలియును? పంతులుగారు సంగీతసభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా పంచిపెట్టించిరి. నొప్పి తగ్గినవాడు మఱునాడు తానే యంగడికి పోయి యడుగును. తగ్గనివాడు ఎంత పెద్ద యక్షరములతో అచ్చువేసి చూపినను అడుగడు. ఇంతకంటె నిజాయితీగల మచ్చు వేఱొకటి లేదు. ఆ రాబడి యండతోనే పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా నారంభించి, 1914లో మదరాసున దినపత్రిక గావించి, 1924లో భారతి మాసపత్రికను స్థాపించిరి.

మనకు చేరువలోనే మఱియొక యుదాహరణము కలదు. ఒంగోలు దగ్గఱి ఇనమనమెళ్లూరున 1875లో పుట్టిన కేసరిగారు, కె. ఎన్. కేసరి యని లోకమెఱిగినవారు, బాల్యముననే పేదఱికముచే కాలినడకను మదరాసు చేరి, అచ్చట వైద్యవృత్తిలో నిలదొక్కుకొని కేసరి కుటీరమును నెలకొల్పిరి. స్త్రీల కొఱకు వారు చేసిన లోధ్ర యను ఔషధము పేరుగాంచెను. వారు 1928లో గృహలక్ష్మి యను మాసపత్రికను స్థాపించి, 1934 నుండి రచయిత్రులకు స్వర్ణకంకణ మిచ్చి గౌరవించిరి. తొలి కంకణము నందుకొన్నవారు కనుపర్తి వరలక్ష్మమ్మగారు. మందు కొను గృహిణిని కొనుగోలుదారుగా మాత్రమే చూడక, చదువరిగాను రచయిత్రిగాను వారు చూచిరి. ఎదుటి మనిషిని గౌరవించుటయే ప్రకటనకర్తకు తొలి పాఠము.

ఈ గౌరవము లేనిచోట వృత్తి కల్తీయగును. రోగములన్నియు మాయమగునని చెప్పు మందుల ప్రకటనలను అరికట్టుటకు 1954లో చట్టము వచ్చెను. మధుమేహము మొదలగు రోగములను నయముచేయుదునని ప్రకటించుటను ఆ చట్టము నిషేధించినది. ప్రకటనకర్తలు తమ్ము తాము దిద్దుకొనుటకు 1985లో నొక మండలిని ఏర్పఱచుకొనిరి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, మోసపుచ్చు ప్రకటనకు 10 లక్షల రూపాయల వఱకును, మరల చేసినచో 50 లక్షల వఱకును జుల్మానా విధింపవచ్చును. 2022లో వెలువడిన నిబంధనలు ప్రకటనల సంస్థలకును వర్తించును. కావున "యజమాని చెప్పమన్నాడు, నేను చెప్పితిని" అను సాకు నేడు చెల్లదు.

ఇక మన బిడ్డలకు ప్రత్యేకముగా మిగిలియున్న పని యొకటి కలదు. దేశమంతట చూపు ప్రకటనలు పెక్కు ముందు హిందీలోనో ఇంగ్లీషులోనో పుట్టి, తరువాత తెలుగులోనికి దింపబడును. అట్టి తెలుగు తెలుగువలె నుండదు. వినువాడు నవ్వును, లేదా విననే వినడు. పోలియో చుక్కల సంగతి చూడుడు. హిందీలో జీవితపు రెండు చుక్కలని చాటిరి. తెలుగులో "నిండు జీవితానికి రెండు చుక్కలు" అనిరి. నిండు, రెండు అను ప్రాసచే నా మాట తల్లుల నాలుకపై నిలిచెను. 2014 మార్చి 27న మన దేశము పోలియో లేని ప్రాంతములలో చేరినట్లు ధ్రువపఱుపబడెను. ఆ ఘనత వైద్యులది, ఇంటింటికి తిరిగిన కార్యకర్తలది, బిడ్డల నెత్తుకొని వచ్చిన తల్లులది. అయినను తల్లిని గడప దాటించిన మాటకు గూడ నందొక పాలు కలదు. అట్లే బాపుగారు మదరాసున జె. వాల్టర్ థాంప్సన్ అను ప్రకటనల సంస్థలో పనిచేసినవారే. వారి చేతివ్రాత నేడు పెండ్లి శుభలేఖలపై నెక్కి యూరూర తిరుగుచున్నది.

రైతునకును ఈ వృత్తితో పని లేదనరాదు. గుజరాతులోని ఖేడా పాడిరైతులు 1946లో సహకార సంఘముగా నేర్పడిరి. వారి వెన్నకు అమూల్ అను పేరుండెను గాని, పట్టణములలో పోల్సన్ అను వెన్న పాతుకొనియుండెను. 1966లో బొంబాయి ప్రకటనకర్త సిల్వెస్టర్ డకున్హా, చిత్రకారుడు యూస్టేస్ ఫెర్నాండెస్ కలిసి చుక్కల గౌను తొడిగిన చిన్నపిల్ల బొమ్మను కల్పించిరి. ఆ పిల్ల వీధి పలకలపై నిలిచి, నాటి సంగతులపై చమత్కారములు పలుకుచు, రైతుల వెన్నను ఇంటింటికి పరిచయము చేసెను. మన సన్నరకపు మిరపకాయకు గుంటూరు పేర భౌగోళిక గుర్తింపు కలదు. ఆ పేరును దూరదేశపు వంటయింటి వఱకు నిజాయితీగా మోసికొనిపోగల బిడ్డ పొదిలి నుండి యేల పుట్టకూడదు?

ఈ వృత్తిలో సుఖమే యున్నదని చెప్పను. గడువు దగ్గఱపడినచో రాత్రి పగలు తెలియదు. వ్రాసినవాని పేరు ప్రకటన క్రింద నుండదు. పది వ్రాసినచో నొకటి నిలుచును, అదియు వారము దినములలో చెత్తబుట్టకు పోవును. పెద్ద వర్తకుడు వేఱు సంస్థకు తరలిపోయినచో పదిమంది కొలువులూడవచ్చును. అన్నిటికంటె కష్టమైనది, తనకు నచ్చని సరకును పొగడుమని యాజ్ఞ వచ్చు దినము. ఆ దినమున బిడ్డకు ఇంటి పెద్దల యండ కావలయును. అంతవఱకు మనము "ఎంత జీతము?" అని మాత్రమే యడిగియుందుమేని, నాడు తన సంకటమును మనతో చెప్పుకొనదు.

కావున మూడు ప్రశ్న లడుగవలయునని నా మనవి. "అమ్మా, నీవు పొగడిన సరకును చేతబట్టి చూచితివా? నీ మాట వినువా రెవరో యెఱుగుదువా? ఆ సరకును మన యింటికి తెచ్చి, నాయనమ్మ చేతిలో పెట్టగలవా?" ఈ మూటికిని అవునన్నచో, ఆ పని మన సేద్యమునకు తీసిపోదు. మూడవదానికి బిడ్డ తలవంచుకొన్నచో గద్దింపవలదు. ఆ సంస్థలోనే వేఱు పని యడుగుటకో, వేఱొక సంస్థను వెదకుకొనుటకో ధైర్యము చెప్పి, నాలుగు నెలలు జీతము లేకున్నను ఇంట గింజలున్నవని భరోసా ఇయ్యుడు.