ఇంటి కథ - వింత కథ
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నవలలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. నేను పండితుడను కాను. ఈ గ్రంథాలయమునకు చాలకాలము పుస్తకములను ఎంచి తెచ్చినవాడను. ఆ పనిలో నేను చేసిన పొరపాటుతోనే ప్రారంభించెదను.

ఒక యేడు సొమ్ము తక్కువపడినది. సంసార నవలలున్న చాలుననియు, మాంత్రికుల కథలు పిల్లలను చెడగొట్టుననియు వాదించి, చినిగిన కాశీమజిలీ కథల సంపుటములను బైండు చేయింపక అటక యెక్కించితిని. పట్టపుపాలెమునుండి వచ్చు కుఱ్ఱవాడొకడు రాక మానినాడు. అతడు ఆ కథలు చదివి, రాత్రులు వలలు బాగుచేయు వారికి చెప్పుచుండెడివాడట! తుదకు పాలెము పెద్ద వచ్చి, "అయ్యవారా, ఆ రాజుకొడుకు ఏమయినాడో చెప్పి, ఆ తర్వాత పుస్తకం ఎక్కడన్నా పెట్టుకోండి" అని నన్ను నిలదీసెను. మజిలీ మజిలీకి కథ చెప్పిననే కాశికి వెంట వచ్చెదనని మణిసిద్ధునితో పంతము పట్టిన పశువుల కాపరి నాకప్పుడు జ్ఞప్తికి వచ్చినాడు.

నా వాదము ఎంత బలహీనమో పిమ్మట తెలిసినది. 1878లో 'వివేకవర్ధని'లో రాజశేఖర చరిత్రమును ప్రకటించినవారు కందుకూరి వీరేశలింగముగారు. గోల్డుస్మిత్తు నవల ప్రేరణగా వ్రాసినను, అది ధవళేశ్వరపు ఇంటి కథయే. బంగారము చేసెదనన్న యోగిని నమ్మి ఇల్లు గుల్ల చేసికొన్న గృహస్థును మనమెరుగమా? ఆ చేతితోనే వారు స్విఫ్టు గలివరు యాత్రల ననుసరించి సత్యరాజా పూర్వదేశయాత్రలను వ్రాసిరి. అందొక దేశమున పెత్తనమంతయు స్త్రీలది, అణకువ పురుషులది. మగవారు నవ్వుకొని పుస్తకము మూయుదురు. ఆడవారు అంత త్వరగా మూయరని నా అనుభవము.

కొడవటిగంటి కుటుంబరావుగారును అంతే. మధ్యతరగతి సంసారములను నిర్మొగమాటముగా చిత్రించిన ఆయనయే 1952 నుండి 1980 వరకు చందమామను తీర్చిదిద్దిరి. అందులోనే దాసరి సుబ్రహ్మణ్యముగారి తోకచుక్క మొదలగు ధారావాహికలు వెలువడెను.

అంతదూరమేల? పదమూడవ శతాబ్దిలో మన నెల్లూరున, మనుమసిద్ధి కొలువున, తిక్కన సోమయాజి భారతములో పదునైదు పర్వములు తెనిగించెను. అది అన్నదమ్ముల ఆస్తి తగవే కదా! ఆ మహాకవియే, పదిమంది కుమారుల సాహసములు చెప్పు కేతన దశకుమారచరిత్రమును అంకితము పుచ్చుకొనెను. ఆయన కాదనని దానిని నేను అటక యెక్కించితిని.

సంపుటములను దింపించి బైండు చేయించితిని. ఒకదాని చివరి పుటలు ఎలుకలు కొట్టివేసినవి. ఆ కథ ముగింపును పాలెములో తలకొక విధముగా చెప్పుకొనుచున్నారు. ఆ సంపుటమును ఈ యేడైనను కొనవలెనని కార్యదర్శిగారికి నా మనవి.