అబ్బాయి ఊళ్ళో ఇల్లు, అమ్మాయి ఊళ్ళో ఇల్లు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేనూ, నా శ్రీమతీ ఐదు నెలలు అమెరికాలో పిల్లల దగ్గర ఉండి వచ్చాము. అబ్బాయి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, అమ్మాయి టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో ఉంటారు. ఇద్దరివీ కంప్యూటరు ఉద్యోగాలే. జీతం అబ్బాయిదే ఎక్కువ. అయినా సొంత ఇల్లు అమ్మాయికుంది. అబ్బాయి పన్నెండేళ్ళుగా అద్దెకే ఉంటున్నాడు.

"ఉదారవాదులున్న చోట ఇళ్ళు ప్రియం, సంప్రదాయవాదులున్న చోట చవక నాన్నా" అన్నాడు వాడు. పేదల పక్షాన మాట్లాడేవారి ఊళ్ళోనే సామాన్యుడికి ఇల్లు దొరకకపోవడమేమిటని నాకు ఆశ్చర్యం వేసింది.

కారణాలు అనేకం. అక్కడ ఒకవైపు అఖాతం, మరోవైపు కొండలు. నడుమ నేల తక్కువ, పెద్ద జీతాలు ఎక్కువ. హ్యూస్టన్ చుట్టూ అంతా చదును నేల. అయితే కాలిఫోర్నియాలో ఉన్న నేలలోనూ చాలాభాగం ఎన్నో ఏళ్ళు 'స్థలానికి ఒకే కుటుంబం' అన్న కట్టడిలో ఉండేది. 1970 నాటి పర్యావరణ చట్టం ప్రకృతికి మేలు చేసింది గాని, నగరం నడుమ కట్టే అపార్టుమెంటుపై కూడా ఇరుగుపొరుగువారు కోర్టుకెక్కే వీలిచ్చింది. 1978లో ప్రజలు ఓటుతో తెచ్చుకున్న 13వ ప్రతిపాదన వల్ల, పన్ను కోసం కట్టే ఇంటి విలువ అమ్మేవరకు ఏటా 2 శాతానికి మించి పెరగదు. కనుక ధరలు మండిపోయినా పాతవారికి బాధ లేదు.

ఇదంతా పార్టీ గుణమే అనలేము. ఆ పర్యావరణ చట్టంపై సంతకం చేసిన గవర్నరు రీగన్ రిపబ్లికనే. హ్యూస్టన్ నగరం మొగ్గు డెమోక్రాట్ల వైపే. అయినా అక్కడ జోనింగ్ చట్టం లేదు, కొత్త ఇళ్ళు లేస్తూనే ఉన్నాయి. దానికీ మూల్యముంది. 2017లో హార్వే తుఫాను వరదకు అక్కడ వేల ఇళ్ళు మునిగాయి.

ఒక సాయంత్రం అబ్బాయితో ఒక మునిసిపల్ సమావేశానికి వెళ్ళాను. కొత్త భవనం వద్దని లేచినవారిలో చాలామంది నా వయసువారే, మర్యాదస్తులే. గాలి, వెలుతురు, కార్ల రద్దీ అన్నారు. నాకా మాటలు కొత్త కాదు. ఏడేళ్ళ క్రితం మా కాలనీలో అపార్టుమెంటు వద్దని అర్జీ రాసినవాణ్ణి నేనే. మొదటి సంతకమూ నాదే. అక్కడ ఇల్లు దొరకనిది ఎవరి పిల్లలకో నేనానాడు ఆలోచించలేదు.

2021లో కాలిఫోర్నియా ఒక స్థలంలో రెండిళ్ళు కట్టుకోవచ్చని చట్టం చేసింది. మా కాలనీలోనూ మరో అర్జీ తిరుగుతోంది. నీళ్ళు, మురుగు కాలువ, పార్కింగు సంగతి ఈసారీ గట్టిగానే అడుగుతాను. అసలు కట్టవద్దని మాత్రం సంతకం పెట్టను.